కొలిచిన పిమ్మటనే తీర్పు

విద్యార్థులారా! భౌతికశాస్త్ర పుస్తకములో ఓము నియమమును చదువునప్పుడు, "ఇది పరీక్ష కొఱకే గాని బ్రతుకునకు పనికివచ్చునది కాదు" అని మీలో పెక్కండ్రు తలంచుచుందురు. తరగతిలోనికి రెండు ఘటములను, ఒక బల్బును, రాగితీగను తెచ్చి చూపినను ఆ తలంపు పూర్తిగా పోదు. అట్టి మూడక్షరముల నియమమే ఒక మనుష్యుని జీతమును, అంతకంటె నెక్కువగా అతని మంచిపేరును కాపాడుట నేను కన్నులార చూచితిని. ఆ వృత్తాంతమును, దానితోపాటు మోటారు బండిలోని శీతలయంత్రమునకు కలుగు వోల్టేజి దోషములను కనిపెట్టు విధమును ఈ సంచిక చదువరులకు విన్నవించుట నా యుద్దేశము.

మోటారు బండిలో చల్లగాలి నేడు సామాన్యమైపోయినది గాని, అది పుట్టి నూఱేండ్లు కాలేదు. అమెరికాదేశపు ప్యాకార్డు కంపెనీవారు 1940వ సంవత్సరపు నమూనా బండ్లలో దీనిని అమర్చిరి. ఆ బండ్లలో చల్లదనమును పూర్తిగా ఆపవలెనన్నచో ఇంజనును నిలిపి, మూత తెఱచి, కంప్రెసరు బెల్టును చేతితో ఊడదీయవలసి యుండెను. 1964వ సంవత్సరపు నమూనాలలో క్యాడిలాక్ బండ్లకు, కావలసిన వేడిమిని ఒకమారు నిర్ణయించినచో యంత్రము తానే సరిచూచుకొను ఏర్పాటు వచ్చెను. నేటి బండ్లలో ఆ పెత్తనమంతయు ఒక చిన్న పెట్టెది. మెకానిక్కులు దానిని ఏ.సి. మాడ్యూలు అందురు.

ఆ పెట్టె చేయు పనులు పెక్కు. బండిలోపలి గాలి ఎంత వేడిగా నున్నదో, గాలిని చల్లబఱచు కాయిలు ఎంత చల్లగా నున్నదో సెన్సారులు దానికి తెలుపును. ఆ సెన్సారులలో వేడిమి పెరిగినకొలది నిరోధము తగ్గు పదార్థముండును. మాడ్యూలు వానికి 5 వోల్టులు పంపి, మిగిలి కనబడు వోల్టేజిని బట్టి వేడిమిని లెక్కగట్టును. ఆ లెక్క ననుసరించి గాలి విసరు బ్లోయరు వేగమును మార్చును. గాలి తలుపులను త్రిప్పు చిన్న మోటారులను నడుపును. కంప్రెసరు పనిచేయవలెనో వలదో తెలియజేయును. ఇన్ని పనులు చేయు నా పెట్టెకు ఆహారము బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తే. ఇంజను నిలిచియున్నప్పుడు నిండుగా నున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగుచుండగా ఆల్టర్నేటరు దానిని 13.5 మొదలు 14.5 వఱకు నిలుపును. ఇట్టి మాడ్యూలులు సాధారణముగా 9 మొదలు 16 వోల్టుల వఱకు ఓర్చుకొని పనిచేయగలవు. వోల్టేజి అంతకంటె తగ్గినచో మాడ్యూలు పని మానును. హద్దును సమీపించినప్పుడే అది తన జ్ఞాపకమున ఒక ఫిర్యాదు వ్రాసికొనును. ఆ ఫిర్యాదునకే కోడు అని పేరు. ఇది ఫిర్యాదే గాని తీర్పు కాదని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథ యంతయు ఆ భేదము మీదనే ఆధారపడి యున్నది.

బందరులో మా యింటికి సమీపమున నివసించు ఒక పెద్దమనిషికి కారు కలదు. ఆయన తన వృద్ధమాతను చికిత్సకై వారమునకు రెండుమారులు విజయవాడకు కొనిపోవలయును. దారి సుమారు 70 కిలోమీటర్లు. వేసవిలో ఎండవేళ ఆ వృద్ధురాలు వడగాలికి తాళజాలదు గనుక, ఆ కారులోని చల్లదనము వారికి విలాసము కాదు, అవసరము. ఒక ఏప్రిలు మాసమున ఆ ఏ.సి. చిత్రముగా ప్రవర్తింప నారంభించెను. బ్లోయరు మెల్లగా తిరుగుచున్నంతవఱకు అంతయు సవ్యముగా నుండును. ఎండ ముదిరి, బ్లోయరును మిక్కిలి వేగమునకు త్రిప్పగానే పలకమీది అంకెలు మాయమగును, గాలి ఆగును. రెండు క్షణములకు అంకెలు మరల వెలుగును. లోపల గాలి తలుపులు టకటకలాడును. అంతలో మరల ఆరిపోవును.

ఒక వర్క్‌షాపువారు స్కానరు తగిలించి చూడగా, మాడ్యూలునకు చేరు వోల్టేజి తక్కువ యని కోడు కనబడెను. వారు మొదట క్రొత్త బ్యాటరీ వేసిరి. గుణము కనబడలేదు. పిమ్మట మాడ్యూలే చెడినదనియు, క్రొత్తది వేయవలసినదే యనియు చెప్పిరి. దాని వెల విని యజమాని నివ్వెఱపోయెను. ఎందుచేత చెడినదని అడుగగా, "ఎవరో ఈ బ్యాటరీతో వేరే బండిని స్టార్టు చేసి ఉంటారు, అప్పుడు కాలిపోయి ఉంటుంది" అని అక్కడి పనివాడొకడు అనెను. మూడువారముల క్రిందట డ్రైవరు దారిలో నిలిచిపోయిన ఒక కారునకు నిజముగానే ఆ సాయము చేసియుండెను. అతడు దానిని దాచలేదు కూడ. ఇక విచారణ యేల? నేరము స్థిరపడిపోయెను. మాడ్యూలు వెలను నెలకు కొంత చొప్పున అతని జీతములో పట్టుకొనుటకు యజమాని నిశ్చయించెను.

ఇద్దఱు పిల్లలను చదివించుకొనుచున్న ఆ డ్రైవరు నాయొద్దకు వచ్చి చెప్పిన మాట నేను మఱువలేదు. "మాస్టారూ, డబ్బు కోస్తే ఎట్లాగో సర్దుకుంటాను. కాని బండి పాడుచేసినవాడన్న మాట పడితే, రేపు ఈ ఊళ్లో నాకు తాళం చెవి ఎవరిస్తారు?" అని యనెను.

అతడు చెప్పిన లక్షణములు వినగా నాకు రెండు సందేహములు తోచెను. మాడ్యూలు లోపల కాలిపోయినదైనచో, బ్లోయరు మెల్లగా తిరుగునప్పుడు అది ఇంత చక్కగా నెట్లు పనిచేయుచున్నది? ఇది మొదటిది. కోడు చెప్పునది తనకు చాలినంత వోల్టేజి అందుటలేదని గదా; ఆకలియని యేడ్చిన బిడ్డను చూచి, బిడ్డయే చెడ్డదని నిర్ణయించుట న్యాయమా? ఇది రెండవది. నేను యజమాని వద్దకు పోయి ఈ రెండు సందేహములను చెప్పి, రెండుదినములు గడువు వేడితిని. ఆయన మంచివాడే. "మీరు చెప్పారు గనుక ఆగుతాను మాస్టారూ. కాని అమ్మకు మళ్లీ శుక్రవారం ప్రయాణం ఉంది" అని గడువిచ్చెను.

బస్సు స్టాండు సమీపమున ఒక రేకుల షెడ్డులో బండ్ల వైరింగు పనిచేయు వృద్ధుడు కలడు. అందఱును ఆయనను పెద్దాయన యనియే పిలుతురు. డ్రైవరును నేనును బండిని అచటికి కొనిపోయితిమి. ఆయన కోడు సంగతి విని తలయూచి, తొందరపడక మల్టీమీటరును తీసెను. మొదట మాడ్యూలు ప్లగ్గును ఊడదీసి, ఆ ప్లగ్గులోని కరెంటు వైరునకును ఎర్తు వైరునకును నడుమ కొలిచెను. 12.5 వోల్టులు కనబడెను.

"చూశారా మాస్టారూ, పన్నెండున్నర ఉంది. ఇక్కడ ఆగిపోయినవాళ్లు, కరెంటు సరిగానే వస్తోంది, పెట్టె మార్చండి అంటారు. గాటికి కట్టి ఉన్న ఎద్దును చూస్తే దాని బలం ఏం తెలుస్తుంది? బరువెత్తిన బండికి కట్టి, గట్టు ఎక్కించి చూడాలి" అని ఆయన నవ్వెను.

ఈ యొక్క వాక్యములో ఎంత శాస్త్రమున్నదో గమనింపుడు. ఇట్టి మీటరుల లోపలి నిరోధము సుమారు ఒక కోటి ఓములు. అంత నిరోధము గుండ ప్రవహించు విద్యుత్తు లేనట్లే లెక్క. వోల్టేజి పతనము ప్రవాహమును నిరోధమును గుణించిన లబ్ధము గదా. ప్రవాహమే లేనప్పుడు, దారిలో ఎంత తుప్పు పట్టిన కీలున్నను అచట వోల్టేజి పడిపోదు. మీటరు నిండు వోల్టేజినే చూపును. భారము లేని కొలత అబద్ధమాడదు గాని, అడిగిన ప్రశ్నకు మాత్రము జవాబు చెప్పదు.

ఓముల మీటతో ఎర్తు వైరును కొలిచి చూడరాదా యని మీరడుగవచ్చును. మీటరు వైరుల నిరోధమే ఒకటి రెండు పదవ వంతుల ఓము ఉండును. మేము వెదకుచున్న దోషమును అంతటిదే. ఇసుకలో ఆవగింజను వెదకినట్లగును. అదే కీలు గుండ పదిపదునైదు ఆంపియరులు పాఱునప్పుడు ఆ స్వల్పనిరోధమే కొన్ని వోల్టులను మ్రింగి పైకి కనబడును.

పెద్దాయన ప్లగ్గును మరల తగిలించి, వైరులు పెరుకకుండ వెనుకవైపునుండి సన్నని సూదులను చొప్పించి, ఇంజనును నడిపించి, బ్లోయరును కడపటి వేగమునకు ఒక మెట్టు తక్కువగా నుంచెను. అచట మాడ్యూలు కొనయూపిరితో నిలిచియుండెను. ఆయన చెప్పుచుండగా నేనొక కాగితముమీద వ్రాసికొంటిని. బ్యాటరీ రెండు కొనల నడుమ 13.8 వోల్టులు. బ్యాటరీ ధనధ్రువమునుండి మాడ్యూలు కరెంటు వైరు వఱకు దారిలో పోయినది 0.3. మాడ్యూలునకు దక్కినది 10.1. మాడ్యూలు ఎర్తు వైరునుండి బ్యాటరీ ఋణధ్రువము వఱకు తిరుగుదారిలో పోయినది 3.4. ఈ మూడును కూడి చూడుడు: 0.3, 10.1, 3.4 కలిసి సరిగా 13.8. ఒక వలయములో చుట్టివచ్చినప్పుడు వోల్టేజి లెక్క సరిపోవలెనను ఈ నియమమును 1845లో కిర్కాఫ్ చెప్పెను. అప్పటికాయన ఇరువదియొక్కయేండ్ల విద్యార్థి మాత్రమే.

ఎర్తు దారిలో పోదగినది 0.1 లేక 0.2 వోల్టు. పోవుచున్నది 3.4. దొంగ యే వీధిలో నున్నాడో తెలిసినది. ఆ దారిలో ప్రవాహమును క్లాంపు మీటరుతో చూడగా 13 ఆంపియరులు. 3.4ను 13చే భాగించినచో నిరోధము సుమారు 0.26 ఓము. బ్లోయరు మిక్కిలి వేగమున 18 ఆంపియరులు లాగబోయినప్పుడు ఎర్తులో సుమారు 4.7 వోల్టులు, కరెంటు వైపున 0.4 పోవును, మాడ్యూలునకు 8.7 మాత్రమే మిగులును. అది 9కి తక్కువ గనుక మాడ్యూలు ఆరిపోవును. అది ఆరగానే బ్లోయరును ఆగును, ప్రవాహము తగ్గును, వోల్టేజి మరల నిండును, మాడ్యూలు మేలుకొని బ్లోయరును త్రిప్పును, మరల పడిపోవును. అంకెలు వెలుగుచు ఆరుచు నుండుటకు కారణమిదియే. దోషము తన యానవాలును తానే చెఱుపుకొనుచుండెను. అందుచేతనే బండి నిలిపి చూచువారికి అది దొరకలేదు.

పిమ్మట ఆయన మీటరు నల్లవైరును బ్యాటరీ ఋణధ్రువమున నిలిపి, ఎఱ్ఱవైరుతో ఎర్తు దారి వెంబడి అంచెలంచెలుగా నడచెను. మాడ్యూలు వద్ద 3.4. ఎడమవైపు తివాచీ క్రింద, బ్లోయరు ఎర్తును మాడ్యూలు ఎర్తును కలిసి బండి యినుమునకు బిగించిన చోట, వైరు కొననున్న రింగుమీద 3.3. ఆ రింగునకు అంగుళము దూరమున గీకిన యినుముమీద 0.1. అంగుళము మేర 3.2 వోల్టులు మాయమైనవి! ఆ బోల్టు వేడెక్కియుండెను; 3.2ను 13చే గుణించినచో 40 వాట్లకు పైగా వేడిమి గదా, ఒక చిన్న టంకపు కడ్డీ అంత. బోల్టును విప్పగా రింగు క్రింద ఎఱ్ఱని తుప్పు, పొడిపొడిగా రాలెను. తివాచీ క్రింద ఇంకను చెమ్మ యుండెను. యజమాని యింటిముందు వేపచెట్టు కలదు. ముందు అద్దము దిగువనున్న నీటి కాలువలో వేపాకు పేరుకొని, వర్షపు నీరు బయటికి పోవు దారి లేక లోపలికి దిగినది. సముద్రపు గాలిలోని ఉప్పు దానికి తోడైనది. ఈ తుప్పు మూడువారములలో పట్టునది కాదు.

చికిత్స అరగంట పని. ఇనుమును మెఱయువఱకు గరుకు కాగితముతో రుద్ది, క్రొత్త రింగు వేసి, పండ్ల వాషరుతో బిగించి, గ్రీజు పూసి, నీటి కాలువలోని ఆకులు తీసిరి. మిక్కిలి వేగమున మరల కొలువగా 0.4, 13.3, 0.1, మొత్తము 13.8. అంకెలు చెక్కుచెదరక వెలిగెను.

ఆ కాగితమును యజమానికి చూపితిని. ఆయన లెక్కలు తెలిసినవాడు గనుక మొదటి మూడు అంకెలను, పిమ్మటి మూడు అంకెలను ప్రక్కప్రక్కన చూచి కొంతసేపు మాటాడలేదు. తరువాత డ్రైవరును పిలిచి, ఇంటివారందఱి యెదుటనే, తప్పు అతనిది కాదని చెప్పెను. ఆ వృద్ధమాత, "నాయనా, ఊరికే నీ ఉసురు పోసుకోబోయాం" అని కంట నీరు పెట్టుకొనెను. ఆ శుక్రవారము బండిని ఆ డ్రైవరే విజయవాడకు నడిపెను.

ఓము అను నాతడు ఎవరో కూడ మీరు తెలిసికొనదగును. ఆయన తండ్రి తాళములు చేయు పనివాడు. 1817 మొదలు ఓము జర్మనీదేశమున కొలోను పట్టణపు ఉన్నత పాఠశాలలో లెక్కలను, భౌతికశాస్త్రమును బోధించెను. అనగా మా వృత్తివాడే. పాఠశాల ప్రయోగశాలలోనే ఆయన శోధనలు చేసెను. ఆనాటి ఘటములు భారము మోపగానే వోల్టేజి నిలుపలేక ఆయనను విసిగించెను. అందుచేత వానిని విడిచి, రాగి బిస్మతు లోహముల జంటను వేడిచేసి, స్థిరమైన విద్యుత్తును సంపాదించి కొలిచెను. 1827లో తన గ్రంథమును ప్రకటింపగా స్వదేశమున తగిన మన్నన వెంటనే లభింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీవారు కాప్లీ పతకమిచ్చి గౌరవించిరి. భారము మోపినప్పుడు వోల్టేజి పడిపోవుట యను చిక్కును ఆయనయు ఎదుర్కొనెననుట మన కథకు తగినట్లే యున్నది.

ఇట్టి దోషములన్నియు ఎర్తులోనే యుండునని తలంపరాదు. ఆల్టర్నేటరు చెడి వోల్టేజి 15కు మించి పోవుటయు కలదు. సెన్సారులకు పోవు 5 వోల్టుల వైరు ఎచటనైనను ఒరసికొని ఇనుమును తాకినచో, మంచి సెన్సారులు కూడ తప్పు చెప్పినట్లు కనబడును. అప్పుడు ఒక్కొక్క సెన్సారు ప్లగ్గును ఊడదీయుచు, 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వచ్చునో చూడవలయును. ఫ్యూజు, రిలే, ప్లగ్గులలోని పచ్చని చిలుము, ఇవన్నియు చూడదగినవే. క్రమము మాత్రము ఒక్కటే: మొదట బ్యాటరీ, పిమ్మట కరెంటు దారి, పిమ్మట ఎర్తు దారి, అన్నియు భారముతో, కట్టకడపట మాత్రమే మాడ్యూలు. వెల హెచ్చుగల వస్తువును అన్నిటికంటె వెనుక అనుమానింపవలెను.

బాలురకు ఒక హెచ్చరిక. పసుపుపచ్చని ప్లగ్గులు ప్రమాదములో ఉబ్బు గాలిసంచులవి; వానిలో మీటరు పెట్టరాదు. విద్యుత్తుతో నడచు బండ్లలో ఏ.సి. కంప్రెసరునకు పోవు నారింజరంగు వైరులలో వందలకొలది వోల్టులుండును. అవి ప్రాణము తీయును. శిక్షణ పొందినవారు తప్ప వానిని తాకరాదు.

తల్లిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును ఒక మాట. ఇంటివద్ద అన్ని జవాబులు చెప్పు పిల్లవాడు పరీక్షలో తడబడినచో, వానిని మందబుద్ధి యని పిలుచుట మనకు మిక్కిలి సులువు. వానికి పలక కనబడుచున్నదా? ఉదయము ఏమైన తిని వచ్చుచున్నాడా? రాత్రి చదువుకొనుటకు ఇంట నిశ్శబ్దమున్నదా? ఈ దారులను కొలువక వానినే దోషి యనుట, ఎర్తు చూడక మాడ్యూలును మార్చుట వంటిది. తడబాటు ఆ పిల్లవాడు మనకు వ్రాసి చూపు ఫిర్యాదు. దానిని చదివి, వానికి చేరవలసినది ఎచట ఆగిపోవుచున్నదో వెదకుట పెద్దల పని.

విద్యార్థులారా, మీరు లెక్కల పుస్తకములో కూడికలు చేయునప్పుడు, ఆ కూడిక సరిపోనిచో ఎచటనో ఏదో పోయినదని తెలిసికొని, పోయినచోటును ఓపికతో వెదకుడు. ఎవనిమీదనైనను నేరము మోపుటకు ముందు మీటరును తీయుడు. మీటరు లేనిచోట ప్రశ్నలను అడుగుడు. ఒక అంగుళపు తుప్పు కనబడక ఒక కుటుంబపు అన్నము పోవుటకు సిద్ధమైన సంగతి మీకు జ్ఞాపకముండుగాక.